రాతనీ దిద్దుబాటునీ వృత్తిగా చేసుకోవాలంటే: గోదావరి జిల్లాల నుంచి తరచుగా వచ్చే ప్రశ్నలు

రాజమహేంద్రవరం, కాకినాడ, అమలాపురం, భీమవరం, నరసాపురం వైపు నుంచి రాత పనిలోకి రావాలనుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్న సందేహాలివి. ఏ ప్రశ్న జవాబు ఆ ప్రశ్న కిందే పూర్తిగా ఉంటుంది. మీకు కావలసిన చోట మొదలుపెట్టి చదువుకోవచ్చు.

## దిగేముందు

కథలు బాగా రాస్తానని అందరూ అంటారు. దాంతోనే ఇల్లు గడుస్తుందా?

గడవదు. తెలుగులో కథకో కవితకో వచ్చే పారితోషికం నెల ఖర్చుల్లో ఒక మూలకు సరిపోతే గొప్ప. రాతతో బతుకుతున్నవాళ్లకు డబ్బు తెచ్చేవి అనువాదం, దిద్దుబాటు, ప్రూఫులు, సంస్థల కరపత్రాలు, సావనీర్లు, వీడియో స్క్రిప్టులు, ఇతరుల జీవిత కథలు రాసిపెట్టడం. కథ రాయడం మానేయమని కాదు. రాసినవాడి చేతికి వాక్యం లొంగుతుంది, ఆ చేతికే మిగతా పనులు దక్కుతాయి. అయితే ఉద్యోగం వదిలి దిగేవాళ్లు కనీసం ఆరు నెలల ఇంటి ఖర్చు పక్కన పెట్టుకోవాలి. మొదటి పని దొరకడానికి పట్టే కాలం కన్నా, చేసిన పనికి డబ్బు చేతికి రావడానికి పట్టే కాలమే ఎక్కువ.

ఇక్కడే ఉండి పని దొరుకుతుందా? హైదరాబాద్ వెళ్లక తప్పదా?

పత్రికల ప్రధాన డెస్కులు, టీవీ, సినిమా కావాలంటే వెళ్లాలి. అనువాదానికి, పుస్తకాల ఎడిటింగుకు ఊరితో పని లేదు, ఫైలు వచ్చి ఫైలు వెళ్తుంది. పైగా డెల్టాలో ఉన్నవాళ్లకు ఒక లాభం ఉంది. రాయించుకోవలసిన అవసరం ఉన్న వ్యాపారాలు చుట్టూనే ఉన్నాయి: భీమవరం చుట్టుపక్కల రొయ్యల మేత, మందుల దుకాణాలు, కడియం నర్సరీలు, నరసాపురం లేసు, ఉప్పాడ చీరలు, ఆత్రేయపురం పూతరేకులు, కోనసీమ కొబ్బరి పీచు. వీటికి లేబుళ్లు, వాడుక సూచనలు, వెబ్‌సైటు పేజీలు కావాలి. గుళ్లకు స్థలపురాణాలు, పాత విద్యాసంస్థలకు శతాబ్ది సంచికలు కావాలి. వీళ్లెవరూ 'రచయిత కావలెను' అని ప్రకటన ఇవ్వరు. తప్పులున్న వాళ్ల కరపత్రాన్నే ఒక పేజీ దిద్ది చూపిస్తే పని పుడుతుంది. ఆ చూపించడం గుట్టుగా, మర్యాదగా జరగాలి. నలుగురిలో తప్పులు ఎత్తిచూపితే తలుపు మూసుకుపోతుంది.

తెలుగు ఎం.ఏ. చేయలేదు. పనికొస్తానా?

వస్తారు. అగ్రికల్చర్, నర్సింగ్, లా, ఆక్వా చదివినవాళ్లకు తెలుగు శుభ్రంగా వస్తే, ఆ రంగంలో ఎం.ఏ. వాళ్ల కన్నా ముందుంటారు. పత్రిక ఉద్యోగాలకూ ప్రభుత్వ అనువాద పోస్టులకూ మాత్రం డిగ్రీ అడుగుతారు.

నా రాతలో గోదావరి యాస దొర్లుతుంది. అది అడ్డమా?

యాస తప్పు కాదు. తప్పల్లా తెలియకుండా దొర్లడమే. కథనం ప్రామాణిక భాషలో సాగుతూ మధ్యలో ఒక్కచోట 'ఒచ్చేడు' అని పడితే అది అచ్చుతప్పులా కనిపిస్తుంది. సంభాషణలో అదే మాట మనిషిని నిలబెడుతుంది. 12వ పేజీలో 'ఎల్తానండి' అన్న పాత్ర 40వ పేజీలో 'వెళ్తానండి' అంటే ఎడిటర్ పట్టుకోవాలి. గోదావరి మనిషి అని చూపించడానికి ప్రతి వాక్యానికీ 'ఆయ్' తగిలించడం ఇంకో జబ్బు. అది ఎవరితో మాట్లాడేటప్పుడు వస్తుందో వినండి, అక్కడే ఉంచండి.

ఇక పదాల సంగతి. సార్వా (ఖరీఫ్ వరి), దాళ్వా (రబీ వరి), బోదె (చిన్న పంట కాలువ), లంక, ఏటిగట్టు, లాకులు, ఊడ్పులు (నాట్లు), దింపు (కొబ్బరికాయలు దించడం): ఇవి యాస కాదు, ఈ నేల పనిముట్లు. కోనసీమ రైతుకు రాసే కరపత్రంలో 'దాళ్వా' అనే రాయాలి. రాష్ట్రమంతటికీ వెళ్లేదైతే 'రబీ' అని రాసి మొదటిసారి పక్కన 'దాళ్వా' అని చేర్చండి. తెలంగాణకు వెళ్లేదైతే 'యాసంగి'. ఎవరు చదువుతారో అడగకుండా పదం ఎంచుకోకూడదు.

## చేయి తిరిగేదాకా

ఎడిటింగూ ప్రూఫులు దిద్దడమూ ఒకటే కదా?

కాదు. మూడు వేర్వేరు పనులున్నాయి. అధ్యాయాల వరుస మార్చడం, ఎక్కువున్నచోట తగ్గించి తక్కువున్నచోట పెంచమని చెప్పడం మొదటిది. ఇది రాతప్రతి దశలోనే జరగాలి. వాక్యం, పదం, వాస్తవం, ఏకరూపత చూసుకోవడం రెండోది. పేజీలు కట్టాక అచ్చుతప్పులు, జారిన పంక్తులు, పేజీ అంకెలు పట్టుకోవడం ప్రూఫు. 'కాస్త ప్రూఫు చూసిపెట్టండి' అంటూ మూడు పనులూ చేయించుకోవడం మామూలే. అందుకే ఒప్పుకునే ముందు ఐదు పేజీలు తెప్పించి చదవండి, ఏ పని అవసరమో మీరే చెప్పండి.

ముందు ఏ తప్పుల మీద కన్నేయాలి?

ఒత్తుల మీద. 'అర్థం' అంటే భావం, 'అర్ధం' అంటే సగం. 'విద్యార్థి', 'ప్రార్థన', 'స్వార్థం' అన్నిటిలోనూ థకారమే. తరవాత ల-ళ, న-ణ, శ-ష-స. ఆ తరవాత కర్తకూ క్రియకూ పొత్తు: వాక్యం పొడుగైతే 'వాళ్లు' అని మొదలై 'చెప్పాడు' దగ్గర ముగుస్తుంది. పేర్లు, తేదీలు, అంకెలు వీటన్నిటికన్నా ప్రమాదం. అవి తప్పుగా ఉన్నా వాక్యం చక్కగా చదువుకుపోతుంది, కన్ను ఆగదు.

ఈ ప్రాంతపు రాతల్లో పదే పదే కనిపించేవి రెండున్నాయి. జిల్లాల విభజన జరిగిన 2022 ఏప్రిల్ 4కు ముందు రాసిన వాక్యాలను అలాగే ఎత్తి వేయడం ఒకటి. ఏలూరు పశ్చిమ గోదావరి జిల్లా కేంద్రంగా ఉండేది, ఇప్పుడా జిల్లా కేంద్రం భీమవరం, ఏలూరు వేరే జిల్లా. రెండోది ధవళేశ్వరం. కాటన్ హయాంలో 1852 నాటికి పూర్తయిన ఆనకట్ట వేరు, ఇప్పుడు మనం దాటే బ్యారేజీ వేరు. పాత ఫొటో కింద కొత్త పేరు పెట్టిన సావనీర్లు చాలానే ఉన్నాయి.

'పెళ్ళి' రాయాలా, 'పెళ్లి' రాయాలా?

రెండూ వాడుకలో ఉన్నాయి. పుస్తకం మొత్తంలో ఒకటే ఉండాలి, అంతే. పని మొదలుపెట్టగానే ఒక కాగితం మీద రాసుకోండి: పెళ్లి, నీళ్లు, వాళ్లు, చేశారు, హైదరాబాద్, అంకెలు 10 లోపు అక్షరాల్లో, పైన అంకెల్లో, లక్షలకు కామాలు 12,50,000 పద్ధతిలో. సందేహం వచ్చిన ప్రతి పదమూ అందులో చేరాలి. 200 పేజీల పుస్తకానికి ఇలాంటి పట్టిక రెండు మూడు పేజీలవుతుంది. పుస్తకంతో పాటు ఈ పట్టిక కూడా అప్పగిస్తే ప్రచురణకర్త మళ్లీ మిమ్మల్నే వెతుక్కుంటూ వస్తారు.

ఏ నిఘంటువులు దగ్గర ఉంచుకోవాలి?

ఒకటి చాలదు. వర్ణక్రమానికి, పాత పదాలకు శబ్దరత్నాకరం, పిఠాపురం మహారాజా పోషణలో తయారైన సూర్యరాయాంధ్ర నిఘంటువు. ఇంగ్లీషు అర్థం చూసుకోవడానికి 1852 నాటి బ్రౌన్ నిఘంటువు. రైతులు, నేతగాళ్ల మాటలకు మాండలిక వృత్తి పదకోశాలు: వ్యవసాయం సంపుటం 1962లో, చేనేత సంపుటం 1971లో వచ్చాయి. కొనలేనివాళ్లు ఆంధ్రభారతి వెబ్‌సైటులో చాలా నిఘంటువులు ఒకేచోట వెతుక్కోవచ్చు. పాత పత్రికలు, మొదటి ముద్రణలు చూడాలంటే రాజమహేంద్రవరంలో గౌతమీ గ్రంథాలయం ఉంది. ఒక పదం ఎప్పటినుంచి ఎలా రాస్తున్నారో అక్కడ పేజీలు తిప్పితే తెలిసినట్టు ఇంకెక్కడా తెలియదు.

ఫోన్లో టైపు చేస్తే చాలదా?

కథకు చాలుతుంది, వృత్తికి చాలదు. కంప్యూటర్‌లో ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషలకు ప్రామాణికమైన) కీబోర్డు నేర్చుకోండి, రోజూ అరగంట కూర్చుంటే నెలా రెండు నెలల్లో చేతికొస్తుంది. వర్డ్‌లో ట్రాక్ చేంజెస్, కామెంట్లు తప్పనిసరి. ఏం మార్చారో రచయితకు కనబడకపోతే నమ్మకం కుదరదు.

ఒక చిన్న చిక్కు ముందే తెలుసుకోండి. పొల్లు తరవాత హల్లు వస్తే కంప్యూటర్ దాన్ని ఒత్తుగా కలిపేస్తుంది: 'సాఫ్ట్వేర్'. విడిగా 'సాఫ్ట్‌వేర్' అని రావాలంటే మధ్యలో కంటికి కనబడని ఒక అక్షరం పడాలి. యూనికోడ్‌లో (అక్షరాలకు సంఖ్యలిచ్చే ప్రామాణిక పద్ధతిలో) దాని సంఖ్య 200సి (200C). వర్డ్‌లో ఆ నాలుగు అక్షరాలూ ఇంగ్లీషులో కొట్టి ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే వస్తుంది.

అనూ (పాత డీటీపీ ఫాంటు) ఫైలును యూనికోడ్‌లోకి మారిస్తే అక్షరాలు విరుగుతున్నాయి. ఏం చేయాలి?

పాత డీటీపీ ఫాంట్లలో అక్షరాలు ముక్కలుగా ఉంటాయి. తలకట్టు ఒక ముక్క, ఒత్తు ఇంకో ముక్క. మార్చే ప్రోగ్రాం ఆ ముక్కల వరుసను ఊహించి కలుపుతుంది. ఊహ తప్పేది ఎక్కువగా రెండేసి ఒత్తులున్న చోట (రాష్ట్రం, శాస్త్రం), వట్రుసుడి దగ్గర, కొటేషన్ గుర్తుల దగ్గర, మధ్యలో ఇంగ్లీషు పదాలున్న చోట. ముందు రెండు పేజీలు మార్చి చూడండి. ఒకే రకంగా విరిగినవాటిని ఒక జాబితా చేసి, వెతుకు-మార్చు ద్వారా పుస్తకమంతా సరిచేయండి. మిగిలినవి చదువుతూ దిద్దాలి. ఈ పనికి విడిగా డబ్బు అడగాలి, దీన్ని ఎడిటింగులో కలిపేస్తే నష్టపోయేది మీరే.

## పని చేతికొచ్చాక

రేటు ఎంత చెప్పాలి?

పక్కవాళ్ల రేటు కాకుండా మీ వేగం తెలుసుకోండి. నిజమైన రాతప్రతిలో పది పేజీలు దిద్ది గంటలు లెక్కపెట్టండి. ఉదాహరణకు నెలకు 25,000 రూపాయలు కావాలి, 22 రోజులు, రోజుకు నికరంగా ఐదు గంటలు పని అనుకుందాం. 110 గంటలు, అంటే గంటకు దాదాపు 227 రూపాయలు. ఖాళీ రోజులు, ఫోన్లు, కరెంటు కోతల కోసం పాతిక శాతం కలిపితే 284. గంటకు 250 మాటల పేజీలు నాలుగు దిద్దగలిగితే పేజీకి 71 రూపాయలు. అంతకన్నా తక్కువకు ఒప్పుకుంటే అది చేతి నుంచి పెట్టుకోవడమే.

పేజీ లెక్క కన్నా మాట లెక్క మేలు. 11 పాయింట్ల పేజీ, 14 పాయింట్ల పేజీ ఒకటి కావు. ఇంగ్లీషు నుంచి తెలుగు చేసేటప్పుడు మూలంలోని మాటలనే లెక్కించమనండి. 'చెప్పాలనుకుంటున్నాను' తెలుగులో ఒక్క మాట, ఇంగ్లీషులో నాలుగైదు. తెలుగు మాటలు లెక్కిస్తే మీ కష్టంలో కొంత గాలికి పోతుంది.

పని తీసుకుని డబ్బు ఎగ్గొడితే?

తెలిసినవాళ్లే, బంధువులే ఎక్కువగా పనిచ్చే చోట ఇది నోరు విప్పడానికి ఇబ్బందైన విషయం. అందుకే మొదటిరోజే విప్పాలి. ఒక పేజీ ఒప్పందం చాలు, కనీసం వాట్సాప్‌లోనైనా రాసి 'సరే' అనిపించుకోండి: ఎన్ని మాటలు, ఏ పని, ఎప్పటికి, ఎంత, ఎన్నిసార్లు మార్పులు ఉచితం (రెండుసార్లు చాలు), ఎవరు సంతకం పెడితే పని పూర్తయినట్టు. మూడో వంతు ముందుగా, మూడో వంతు సగం పనికి, మిగిలింది చివరి ఫైలుకు ముందు. సంఘాలు, కమిటీల పనిలో ఈ సంతకం సంగతి మరీ ముఖ్యం. సావనీర్ కమిటీలో పదిమంది ఉంటే పదిమందీ పది మార్పులు చెబుతారు, డబ్బు మాత్రం ఎవరూ తమ బాధ్యత అనుకోరు.

వ్యవసాయ కరపత్రం అనువాదానికి వచ్చింది. మాటకు మాట మారిస్తే సరిపోతుందా?

సరిపోదు, దానివల్ల రైతుకు నష్టం కూడా జరగొచ్చు. మూలంలో హెక్టారుకు 120 కిలోల నత్రజని అని ఉందనుకోండి. మన రైతు లెక్క ఎకరాల్లో, సెంట్లలో. హెక్టారు అంటే 2.47 ఎకరాలు, కాబట్టి ఎకరానికి సుమారు 48.6 కిలోలు. అక్కడితో ఆగితే ఇంకా పెద్ద తప్పు. 48.6 కిలోల నత్రజని అంటే 48.6 కిలోల యూరియా కాదు. యూరియాలో నత్రజని 46 శాతమే. మొత్తం యూరియా రూపంలోనే వేస్తే దాదాపు 106 కిలోలు పడుతుంది. డీఏపీ ఎరువు కూడా వేస్తుంటే అందులో ఉన్న 18 శాతం నత్రజనిని ఈ లెక్క నుంచి తీసేయాలి. 'బస్తాలు' అని రాయదలిస్తే యూరియా బస్తా ఇప్పుడు 45 కిలోలు, పాత కరపత్రాల్లోది 50.

వరి వంగడాలకూ ఇదే జాగ్రత్త. 'ఎంటీయూ 7029' అంటే మార్టేరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన స్వర్ణ. రైతుకు స్వర్ణ అంటేనే తెలుస్తుంది, అధికారికి అంకె కావాలి. రెండూ రాయండి. రొయ్యల చెరువుల సమాచారంలో పీపీటీ (వెయ్యిలో ఒక భాగం), పీపీఎం (పది లక్షల్లో ఒక భాగం) తారుమారైతే వెయ్యి రెట్ల తేడా. మందు మోతాదులో '2.5 మి.లీ.' చుక్క జారితే '25' అవుతుంది. మీరు చేసిన లెక్కలన్నీ విడిగా ఒక కాగితం మీద రాసి, మూలం రాసిన నిపుణుడితో సరే అనిపించుకున్నాకే అచ్చుకు వదలండి. ఇలాంటి పని ఒకసారి శుభ్రంగా చేసినవాళ్లకు మళ్లీ పని వెతుక్కునే అవసరం తక్కువ.

నేను దిద్దినవి రచయిత ఒప్పుకోవడం లేదు.

అక్షరదోషం, వాస్తవదోషం అయితే ఆధారం చూపించి గట్టిగా నిలబడండి. శైలి అయితే ఒకసారి కారణం చెప్పి వదిలేయండి, పుస్తకం ఆయనది. ప్రతి మార్పుకూ 'ఇది ఎందుకు' అని ఒక్క మాటలో చెప్పలేకపోతే ఆ మార్పు మీ ఇష్టం తప్ప అవసరం కాదు.

ఏఐ వచ్చింది కదా, ఇంకా అనువాదకులతో పనేముంది?

ముతక అనువాదానికి గిరాకీ తగ్గుతుంది. యంత్రం చేసినదాన్ని దిద్దే పని పెరుగుతోంది, దానికి కన్ను కావాలి. 'ఈ చెరువు మూడు అడుగుల లోతును కలిగి ఉంది' అని వస్తుంది. 'చెరువు లోతు మూడడుగులు' అని రాయాలి. నారు పీకి నాటడాన్ని 'మార్పిడి' అంటుంది. మన దగ్గర అవి ఊడ్పులు. ఒక పేరాలో 'నువ్వు', తరవాతి పేరాలో 'మీరు' వస్తుంది. 'అత్త' అన్నప్పుడు మేనత్తో, మేనమామ భార్యో, భర్త తల్లో దానికి తెలియదు. వాక్యాలు నున్నగా ఉంటాయి కాబట్టి వదిలేసిన పంక్తి కనిపించదు, పేరాలు లెక్కపెట్టి మూలంతో పోల్చాలి. ఇంకొక మాట: రచయిత అనుమతి లేకుండా అచ్చుకాని రాతప్రతిని ఏ యంత్రంలోనూ వేయకండి.

## అచ్చుకు పంపేటప్పుడు

పుస్తకం 132 పేజీలు వచ్చింది. ప్రెస్సువాళ్లు 128కి తగ్గించమంటున్నారు. ఎందుకు?

డెమ్మీ సైజు కాగితం షీటును మూడుసార్లు మడిస్తే ఎనిమిది ఆకులు, 16 పేజీలు. దాన్నే ఫారం అంటారు. 128 అంటే సరిగ్గా ఎనిమిది ఫారాలు. మిగిలిన నాలుగు పేజీల కోసం ఇంకో ప్లేటు, ఇంకో కాగితం, ఇంకో కుట్టు. అధ్యాయాల చివర ఖాళీలు సర్దితే నాలుగు పేజీలు సాధారణంగా తగ్గుతాయి. అక్షరం సైజు తగ్గించి మాత్రం చేయకండి, పెద్దవాళ్లు చదవలేరు.

చివరి ప్రూఫులో ఏమేం చూడాలి?

మొదటి ప్రూఫు ఇద్దరు కూర్చుని చూడాలి. ఒకరు రాతప్రతి పైకి చదువుతుంటే మరొకరు ప్రూఫు చూడాలి. చివరిదాంట్లో మళ్లీ చదవడం కన్నా పోల్చడం ముఖ్యం. దిద్దమన్న ప్రతి గుర్తూ పడిందో లేదో టిక్కు పెట్టుకోండి. దిద్దినచోట పైన మూడు, కింద మూడు పంక్తులు చదవండి, కొత్త తప్పులు అక్కడే పుడతాయి. ప్రతి పేజీ చివరి మాటా తరవాతి పేజీ మొదటి మాటా అతుకుతున్నాయా? విషయసూచిక అంకెలు, పేజీ తలమీది పేర్లు, ఫొటో కింది పేర్లు సరిపోయాయా? అచ్చు అక్షరాలు ఒక్క నలుపు రంగులోనే ఉన్నాయా అని డీటీపీ వాళ్లను అడగండి. నాలుగు రంగులు కలిపిన నలుపైతే అచ్చులో అక్షరం అంచు మసకబారుతుంది. రచయితకు ఈ దశలో కొత్త పేరా రాయాలనిపిస్తుంది. రాస్తే తరవాతి పేజీలన్నీ జరుగుతాయి, ప్రూఫంతా మళ్లీ మొదటికొస్తుంది.

ఐఎస్‌బీఎన్‌కు (పుస్తకం గుర్తింపు సంఖ్యకు) ఎంత అవుతుంది? అచ్చయ్యాక కాపీలు ఎవరికైనా పంపాలా?

ఐఎస్‌బీఎన్ ఉచితం. రాజా రామమోహన్ రాయ్ జాతీయ ఏజెన్సీ ఆన్‌లైన్‌లో ఇస్తుంది. రచయిత తనే వేసుకున్నా దరఖాస్తు చేయొచ్చు. డబ్బు అడిగేవాళ్లు తీసుకునేది మధ్యవర్తి ఖర్చు. అట్ట వెనుక, లోపలి పేజీలో ఉన్న 13 అంకెలూ ఒకటేనా అని తప్పక చూడండి.

1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన 30 రోజుల్లోగా ప్రచురణకర్త సొంత ఖర్చుతో కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ చెన్నై, ముంబై, ఢిల్లీ గ్రంథాలయాలకూ ఒక్కో ప్రతి పంపాలి.

## హక్కులు, పన్నులు

డబ్బు తీసుకున్నాక రాత మీద నాకు హక్కు ఉంటుందా?

ఉద్యోగంలో భాగంగా రాస్తే వేరే ఒప్పందం లేనంతవరకు హక్కు యజమానిది. బయటి నుంచి రాసి ఇస్తే, మీరు సంతకం పెట్టి రాసివ్వనంతవరకు హక్కు మీదే. రాసిచ్చిన కాగితంలో కాలం లేకపోతే ఐదేళ్లు, ప్రాంతం లేకపోతే భారతదేశం వరకు అని 1957 కాపీరైట్ చట్టం చెబుతుంది. కాబట్టి 'సర్వహక్కులు, శాశ్వతంగా' అన్న మాట దగ్గర ఆగి ఆలోచించండి. అచ్చు హక్కు వేరు, ఆడియో వేరు, అనువాదం వేరు, సినిమా వేరు. ఇచ్చినవాటిని పేరు పెట్టి ఇవ్వండి. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, చేయించుకుంటే ఒక్కో రచనకు రుసుము 500 రూపాయలు.

పాత రచయితల పుస్తకాలు మళ్లీ వేయొచ్చా?

రచయిత చనిపోయిన మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్లు హక్కు వారసులది. ఆ తరవాత ఎవరైనా వేయొచ్చు. వీరేశలింగం 1919లో, చిలకమర్తి 1946లో మరణించారు కాబట్టి వాళ్ల మూల రచనలకు అడ్డు లేదు. కానీ తరవాతి ముద్రణల్లో ఇంకొకరు రాసిన ముందుమాట, వివరణలు, వేసిన బొమ్మలు వేరే హక్కుల కింద ఉంటాయి. మొదటి ముద్రణ సంపాదించి దాన్నుంచే కంపోజ్ చేయడం మేలు.

సంస్థ పది శాతం కోసుకుని ఇచ్చింది. ఆ డబ్బు పోయినట్టేనా?

పోలేదు. వృత్తి సేవల చెల్లింపులు ఏడాదిలో ఒక పరిమితి దాటితే సంస్థలు 10 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే కోసే పన్ను) తీసి మీ పాన్ మీద జమ చేస్తాయి. పాన్ ఇవ్వకపోతే 20 శాతం పోతుంది. ఆదాయపు పన్ను వెబ్‌సైటులో 26ఏఎస్ (మీ పాన్ మీద జమైన పన్ను చూపే పట్టిక) తెరిచి జమ అయిందో లేదో చూసుకోండి. పన్ను కట్టేంత ఆదాయం లేకపోతే రిటర్ను వేస్తే తిరిగి వస్తుంది. సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షలు దాటేవరకు మామూలుగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు.

నలుగురం కలిసి ఒక మాసపత్రిక పెట్టాలనుకుంటున్నాం. ముందు ఏం చేయాలి?

పేరు. 2024 మార్చి 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం కింద ప్రెస్ రిజిస్ట్రార్ జనరల్ దగ్గర ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేయాలి. ఉన్న పత్రికల పేర్లకు దగ్గరగా ఉంటే తిరస్కరిస్తారు, కాబట్టి ఒకటికి మూడు పేర్లు ఆలోచించుకోండి. పేరు ఖాయం కాకముందే లెటర్‌హెడ్డులు, చందా రసీదు పుస్తకాలు అచ్చు వేయించకండి. మొదటి సంచిక తెచ్చే ముందే మూడు సంచికలకు సరిపడా రచనలు దిద్ది సిద్ధంగా ఉంచుకోండి.